పులిముద్ర తుపాకి – టిప్పు సుల్తాను జీవితము

మదనపల్లెకు ఉత్తరమున, పొలముల నడుమనుండి ఒక్కపెట్టున లేచి నిలిచిన రాతికొండ యొకటి కలదు. అదియే గుఱ్ఱంకొండ. కొండమీద కోట, కొండ యడుగున రంగీన్ మహలు, ఊరి చెంత ఒక పెద్ద గోరీ. ఆ గోరీ మీర్ రజా అలీఖానుది. అతడు మైసూరు నేలిన హైదరలీకి బావమరిది, టిప్పు సుల్తానునకు మేనమామ. కావున టిప్పు చరిత్ర శ్రీరంగపట్టణపు చరిత్ర మాత్రమే కాదు. మదనపల్లె, పుంగనూరు, కుప్పము సీమల ప్రజలు ఆ చరిత్రకు ప్రేక్షకులు కారు. అందులోని దండులు వారి పొలముల మీదుగనే నడచినవి. అందులోని తుపాకులకు మందును, గుండును కొన్న ధనములో వారి శిస్తు కూడ చేరినది.

టిప్పు మరణించి రెండువందల ఏండ్లు దాటినది. అతని రాజ్యము పోయినది. అతని సింహాసనమును గెలిచినవారు ముక్కలు చేసి పంచుకొనిరి. నిలిచినవి ముఖ్యముగా అతని ఆయుధములు. అవి ఇప్పటికిని దేశాంతరముల వేలంపాటలలో చేతులు మారుచున్నవి. పాత తుపాకులు సేకరింపగోరువారు మిక్కిలి మక్కువతో వెదకువానిలో మైసూరు పులిచారల తుపాకి యొకటి. ఎఱుక లేనివాడు మోసపోవుటకును అది మంచి తావే. ఆ తుపాకిని చదువుటకు కంటిచూపు చాలదు. దానిని చేయించినవాని జీవితము తెలిసియుండవలెను. ఏలయన, దాని మీది ప్రతి గుఱుతును ఆ జీవితములోని ఏదో యొక ఘట్టమునుండి పుట్టినదే.

దేవనహళ్ళి బాలుడు

టిప్పు 1750 నవంబరు 20వ తేదీన బెంగుళూరునకు ఉత్తరముననున్న దేవనహళ్ళిలో జన్మించెను. తల్లి ఫక్రున్నిసా. ఆమె తండ్రి మీర్ మొయినుద్దీను కొంతకాలము కడప కోటకు అధిపతిగా నుండెను. ఆ విధముగా టిప్పు మాతృవంశము రాయలసీమకు చెందినది. ఆర్కాటులో సమాధియైన టిప్పు మస్తాన్ అను ఫకీరు పేరును తలిదండ్రులు బిడ్డకు పెట్టుకొనిరి.

తండ్రి హైదరునకు చదువు రాదు. సామాన్య సైనికుడుగా ఆరంభించి, తన తెలివిచేతను, సాహసముచేతను మైసూరు రాజ్యమునకు నిజమైన ప్రభువయ్యెను. తనకు లేని చదువు కుమారునకు ఉండవలెనని అతడు పట్టుపట్టెను. టిప్పు పారశీకము, ఉర్దూ, కన్నడము నేర్చెను. గాజీఖాను అను యోధుని చేతిక్రింద గుఱ్ఱపుస్వారి, కత్తిసాము, తుపాకి గుఱి అభ్యసించెను. తండ్రి కొలువులోని ఫ్రెంచివారి కవాతును, వారి ఆయుధములను దగ్గఱగా పరిశీలించెను. ఒక ప్రక్క పుస్తకము, మఱియొక ప్రక్క యంత్రము. ఈ రెండింటి యందును కుతూహలము అతనిని జీవితాంతము విడువలేదు.

1767లో, పదునేడేండ్లయినను నిండని వయస్సులో, అతడు ఆశ్వికదళముతో చెన్నపట్టణపు పొలిమేరల వఱకు దూసికొనిపోయి ఇంగ్లీషువారిని కలవరపెట్టెను. 1780 సెప్టెంబరు 10న కాంచీపురమునకు చేరువనున్న పొల్లిలూరు యుద్ధములో కర్నలు బెయిలీ సైన్యము నాశనమగుటలో టిప్పు పాలు పెద్దది. ఆ యుద్ధములో మైసూరువారి అగ్నిబాణములు ఇంగ్లీషువారి మందుగుండు బండ్లను అంటించెనని చెప్పుదురు. వెదురు కఱ్ఱకు కట్టిన యినుపగొట్టములో మందు కూరి వదలు ఆ బాణములకు, పూర్వపు కాగితపు గొట్టముల బాణములకంటె వేగము హెచ్చు, దూరము హెచ్చు. ఇనుము మందు ఒత్తిడికి తాళుకొనగలుగుటయే అందుకు కారణము. తరువాత ఇంగ్లండులో విలియం కాంగ్రీవు తయారుచేసిన రాకెట్లకు ఈ మైసూరు బాణములే ప్రేరణయైనవి.

చిత్తూరు చెంత ఒక మరణము

పొల్లిలూరు జయమునకు మరుసటి యేడు, 1781లో, మేనమామ రజా అలీఖాను యుద్ధములో మడిసెను. ఆపై యేడాదికి తండ్రికే కాలము సమీపించెను. హైదరు వీపున రాచపుండు లేచెను. చిత్తూరునకు దగ్గఱనున్న నరసింగరాయనిపేట శిబిరములో 1782 డిసెంబరు 7న అతడు కన్నుమూసెను. ఆ సమయమున టిప్పు అక్కడ లేడు. మలబారు తీరమున పొన్నాని దగ్గఱ ఇంగ్లీషువారితో పోరాడుచుండెను.

నడుమ వందలకొలది మైళ్ళు. ఆ కాలములో రాజు మరణవార్త పొక్కినచో సైన్యము చీలిపోవుట క్షణములో పని. మంత్రులు పూర్ణయ్య, కృష్ణారావు గుండె దిటవు చేసికొని ఆ వార్తను దాచిరి. ప్రభువునకు అస్వస్థతయని చెప్పుచు, ఎప్పటి కార్యములను అప్పుడు నడపుచు, శవమును సుగంధద్రవ్యములతో పెట్టెలో నుంచి, ధనపు పెట్టెయన్నట్లు కాపలాతో కోలారునకు సాగించిరి. చిత్తూరునుండి కోలారునకు పోవు బాట మొగిలి కనుమ నెక్కి పలమనేరు ప్రాంతము మీదుగా సాగును. పుంగనూరు, కుప్పము సీమలకు నడుమనున్న బాట అదియే. టిప్పు తమ్ముడు అబ్దుల్ కరీమును గద్దె నెక్కింపవలెనని శిబిరములో కొందఱు పన్నిన కుట్రను మంత్రులు మొదటనే అణచివేసిరి. వార్త విన్న టిప్పు తీరమును విడిచి వడివడిగా వచ్చి, కొలది వారములలో తండ్రి సైన్యమును చేపట్టెను. ఒక రాజ్యపు పగ్గములు ఈ విధముగా ఒక తెలుగు పల్లె చెంత చేతులు మారినవి. పిమ్మట హైదరు దేహమును కోలారునుండి శ్రీరంగపట్టణమునకు చేర్చి గుంబజులో సమాధి చేసిరి.

తండ్రిని టిప్పు మఱచిపోలేదు. హైదరు పేరులోని మొదటి అక్షరమును నాణెములమీద, కొలువు వస్తువులమీద నిలిపెను. తుపాకి గొట్టములమీదను హైదరు పేరును ముద్రగా వేయించెను. పేరును దాచి సాగించిన ఆ శవయాత్రకు ప్రత్యుత్తరమా యన్నట్లు, ఆ పేరు ఉక్కుమీద శాశ్వతమాయెను.

కార్ఖానాల ప్రభువు

1784 మార్చి 11న మంగుళూరు సంధితో ఇంగ్లీషువారితో యుద్ధము ముగిసెను. టిప్పునకు ఊపిరి తీసికొను వ్యవధి దొరకెను. ఆ వ్యవధిని అతడు భోగములకు వినియోగింపలేదు. పట్టుపురుగుల పెంపకము, నాణెముల ముద్రణము, తూనికలు, కొలతలు, పంచాంగము. దేనిని పట్టినను క్రొత్తగా దిద్దవలెనను తహతహ. శ్రీరంగపట్టణము, బెంగుళూరు, చిత్రదుర్గము, నగరము అను చోట్ల కార్ఖానాలు నెలకొల్పి ఆయుధములు, ఇతర వస్తువులు చేయించెను. 1787లో ఫ్రాన్సునకు రాయబారులను పంపెను. మరుసటి యేడు పదునాఱవ లూయీ వారికి దర్శనమిచ్చెను. వారు కోరినది సైన్యసహాయము మాత్రమే కాదు. తుపాకులు, గడియారములు, పింగాణి, గాజు చేయగల పనివారు కూడ కావలెనని కోరిరి. సైన్యము రాలేదు. పనివారు కొందఱు వచ్చిరి.

ఆనాటి మన సీమలో పాలెగాండ్ర బంట్లు మోయునది వత్తితుపాకి. వెలుగుచున్న వత్తిని రంజకపు గిన్నెకు తాకించి పేల్చవలెను. వానకు వత్తి ఆరును, చీకటిలో దాని నిప్పు శత్రువునకు కనబడును. టిప్పు కార్ఖానాల మేలైన తుపాకులు చెకుముకి తుపాకులు. మీట నొక్కిన వెంటనే చెకుముకిరాయి ఉక్కురేకును గీచి నిప్పురవ్వలు రాల్చును. ఆ రవ్వలు రంజకమును అంటించును. రంజకము గొట్టములోని మందును పేల్చును. ఈ పద్ధతి ఐరోపావారిది. కాని మైసూరు పనివాడు దానిని గ్రుడ్డిగా అనుకరింపలేదు. తన ప్రభువు మనస్సును దానిపై చెక్కెను.

ఆ మనస్సునిండ పులియే. సింహాసనము క్రింద పులి, సైనికుల దుస్తులపై పులిచారలు, ఇంగ్లీషు సైనికుని మీదబడి కొఱుకుచున్నట్లు చేయబడిన కొయ్య యంత్రము మీదను పులి. ఆ యంత్రము నేడు లండనులోని విక్టోరియా ఆల్బర్టు ప్రదర్శనశాలలో నున్నది. తుపాకులమీద ఈ పులి పలురూపముల ప్రత్యక్షమగును. గొట్టముమీదను, తాళపురేకుమీదను వంకరతిరిగిన పులిచారలు. కొన్నింట గొట్టపు మూతియే పులినోరు. వెండిపోతల తొడుగులమీద పులితలలు. బంగారముతో పొదిగిన ఒక ముద్ర దూరమునుండి పులిముఖము, దగ్గఱకు తెచ్చి చూచిన అరబ్బీ అక్షరములు. భగవంతుని సింహము జయశీలియను అర్థమిచ్చు పదములను పులిముఖముగా కూర్చిన చమత్కారమది.

పంచాంగమును దిద్దినవాడు తుపాకి మీది సంవత్సరమును మాత్రము ఊరక వదలునా? పైగంబరు కాలమునుండి లెక్కించు మౌలూదీ అను క్రొత్త శకమును టిప్పు వాడుకలోనికి తెచ్చెను. క్రీస్తుశకము 1787 ప్రాంతమున ఆ శకము 1215. అంతటితో ఆగక, అంకెలను ఎడమనుండి కుడికి వ్రాయు వాడుకను తలక్రిందులు చేసి కుడినుండి ఎడమకు వ్రాయించెను. కావున 1224 అను సంవత్సరము తుపాకిమీద 4221 వలె కనబడును. అది క్రీస్తుశకము 1796 ప్రాంతము. ఈ మర్మ మెఱుగనివాడు మంచి తుపాకిని దొంగదని త్రోసిపుచ్చును. లేదా, మామూలు క్రమములో అంకెలు చెక్కిన దొంగ తుపాకిని మంచిదని నమ్మును.

ఇన్ని సుగుణములు చెప్పినపుడు రెండవ ప్రక్కను దాచరాదు. కొడగు, మలబారు దేశములలో టిప్పు దండయాత్రలు ప్రజలకు తీరని దుఃఖము కలిగించినవి. నిర్బంధమతాంతరీకరణములు, చెఱలు అచటివారి స్మృతిలో నిలిచియున్నవి. అతడే 1791లో మరాఠా దళములు శృంగేరి మఠమును దోచుకొన్నపుడు స్వాములవారికి ధనసహాయము చేసి, విగ్రహ పునఃప్రతిష్ఠకు తోడ్పడెను. ఈ రెండును సత్యములే. ఒకదానితో రెండవదానిని తుడిచివేయ జూచువాడు చరిత్ర చదువుటలేదు, వ్యాజ్యము నడపుచున్నాడు.

మొగిలి కనుమ

1789 చివర తిరువాన్కూరుపై టిప్పు దండెత్తుటతో మూడవ మైసూరు యుద్ధమునకు బీజము పడెను. ఈ మారు ఇంగ్లీషువారితో నిజాము, మరాఠాలు కలిసిరి. 1791 ఫిబ్రవరిలో గవర్నరు జనరలు కారన్‌వాలీసు స్వయముగా సైన్యమును నడిపెను. టిప్పు అతడు ఆంబూరు ప్రక్క కనుమలనుండి వచ్చునని తలచి ఆ వైపు కాచుకొనియుండెను. కారన్‌వాలీసు అటు పోవునట్లు నటించి, చటుక్కున ఉత్తరమునకు తిరిగి, చిత్తూరు మీదుగా మొగిలి కనుమ నెక్కి, మైసూరు పీఠభూమిపై కాలుమోపెను. ఎనిమిదేండ్ల క్రిందట హైదరు శవపేటిక పోయిన బాటనే ఇప్పుడు అతని కుమారుని శత్రువు ఫిరంగులతో నడచెను. ముళబాగిలు, కోలారు లొంగినవి. మార్చి 21న బెంగుళూరు కోట పడెను.

ఆ యేడే గుఱ్ఱంకొండకును యుద్ధము వచ్చెను. నిజాము సైన్యము కోటను చుట్టుముట్టెను. నవంబరులో కంపెనీ దళము తోడ్పాటుతో దిగువకోట పడినది గాని, నిట్టనిలువు రాతికొండ మీది ఎగువకోట లొంగలేదు. కొలదిదినములకే టిప్పు పెద్దకుమారుడు ఫతే హైదరు హఠాత్తుగా వచ్చిపడి నిజాము దళమును చెదరగొట్టి మేనమామ వంశీయుల కోటకు ఊపిరి పోసెను. కొండ నిలిచినది. కాని రాజ్యము నిలువలేదు.

ఈ దండులు వచ్చిపోవునపుడు నడుమనున్నవారి గతి యేమి? పుంగనూరు పాలెగాండ్రు, కుప్పము ప్రాంతపు కంగుంది పాలెగాండ్రు మైసూరునకు, కడప నవాబునకు, మరాఠాలకు, నిజామునకు, పిమ్మట కంపెనీకి, ఎవరు బలవంతులైన వారికి కప్పము కట్టవలసిన స్థితిలో నుండిరి. ఆ కప్పము ఆకాశమునుండి ఊడిపడదు. అది రైతు కళ్ళములోని ధాన్యము, చెఱువు క్రింది పంట, దండునకు తోలుకొనిపోయిన ఎద్దు. ఫిరంగులు లాగుటకు ఎద్దులు, సామాను మోయుటకు ఎద్దులు. యుద్ధము గెలిచినవానికి పేరు దక్కెను. పశువు పోయిన రైతునకు కాడి మిగిలెను.

1792 మార్చి 18న శ్రీరంగపట్టణ సంధి జరిగెను. రాజ్యములో సగము పోయెను. మూడుకోట్ల ముప్పది లక్షల రూపాయల పరిహారము, ఆ సొమ్ము చెల్లువఱకు ఇద్దఱు కుమారులు కంపెనీవద్ద జామీనుగా నుండుట అను షరతులు పడినవి. కుప్పమునకు పొరుగుననున్న బారామహలు సీమ కంపెనీ వశమాయెను. రెండేండ్లలో టిప్పు ఆ ఋణమును తీర్చి, 1794లో పిల్లలను ఇంటికి తెచ్చుకొనెను. ఇంత దెబ్బతగిలిన పిదపను కార్ఖానాలు ఆగలేదు. అతని మేలైన తుపాకులలో కొన్ని ఈ ఓటమి తరువాతి సంవత్సరములవే. అసద్ ఖాన్ మహమ్మదు అను పనివాని పేరు చెక్కిన వేటతుపాకి యొకటి 1793–94 నాటిది. బిడ్డలు పరుల చేతిలో నుండగా, ఖజానా ఖాళీయై యుండగా, ఆ తండ్రి తుపాకిమీద బంగారము పొదిగించెను. అది దర్పమా, గుండెనిబ్బరమా అనునది చదువరి నిర్ణయించుకొనవలసినదే.

మే నాలుగవ తేదీ

1799లో నాలుగవ యుద్ధము వచ్చెను. ఏప్రిలులో శ్రీరంగపట్టణము ముట్టడింపబడెను. మే 4న మిట్టమధ్యాహ్నము దాటినంతట, కోటగోడకు పడిన గండిగుండ ఇంగ్లీషుసేన లోపల దూకెను. టిప్పు భోజనమునకు కూర్చుండి, కేకలు విని లేచిపోయెననియు, గోడలపై నిలిచి సేవకులు మందు కూర్చి అందించు తుపాకులను తానే పేల్చెననియు సమకాలికులు వ్రాసిరి. పులివేటకు చేయించుకొన్న తుపాకులు ఆనాడు ఆత్మరక్షణకు వచ్చినవి. ఒక్క గుండు పేల్చిన పిమ్మట మరల మందు, గుండు కూరి దట్టించువఱకు తుపాకి మూగది. ఆ ఎడము చాలు, గండిలో మనుష్యులు నిండుటకు. నీళ్ళ తలుపు దగ్గఱ గాయములతో అతడు కూలెను. రాత్రి దివిటీల వెలుగున శవముల గుట్టలో అతని దేహమును గుఱుతించిరి. మరునాడు తలిదండ్రుల సరసన గుంబజులో సమాధి చేసిరి.

ఆ రాత్రి పట్టణమంతయు దోపిడి. ఇల్లిల్లును సైనికుల పాలాయెను. తరువాత కొందఱిని ఉరితీసినగాని అది ఆగలేదు. పిమ్మట అధికారులు కొల్లసొమ్మును లెక్కగట్టి హోదా ననుసరించి పంచుకొనిరి. ఆయుధాగారములలో తొమ్మిదివందలకు పైగా ఫిరంగులు, వేలకొలది తుపాకులు దొరకినవి. బంగారు పొదుగుడుగలవి అధికారుల పెట్టెలలో సముద్రము దాటినవి. గుత్తి, గుఱ్ఱంకొండ సీమలు నిజాము వంతునకు వచ్చినవి. 1800లో నిజాము వానిని కంపెనీకి దత్తము చేసెను. ఆ నాటినుండియే మన సీమకు దత్తమండలమను పేరు. టిప్పు కుటుంబమును వేలూరు కోటలో నుంచిరి. 1806లో అచట సిపాయిల తిరుగుబాటు జరుగుటచే, వారిని కలకత్తాకు తరలించిరి.

వేలంపాట

అధికారుల పెట్టెలలో పోయిన తుపాకులు వారి మనుమల యిండ్లలో గోడలకెక్కెను. కొన్ని అటకల చేరెను. 2019లో ఇంగ్లండులోని బర్కుషైరులో ఒక కుటుంబము, తమ పూర్వికుడైన కంపెనీ మేజరు తెచ్చిన వస్తువులను అటకమీదనుండి దించి వేలమునకు పెట్టగా, వెండిపోతల చెకుముకి తుపాకి యొక్కటే 60,000 పౌండ్లు పలికెను. అంతకు ముందు 2015లో రాబిన్ విగింగ్టను సేకరణలోని ముప్పది వస్తువులు లండనులో ఆఱు మిలియను పౌండ్లకు పైగా పలికెను. ఈ విగింగ్టను టిప్పు తుపాకులపై 1992లో ప్రత్యేక గ్రంథము ప్రకటించినవాడు. 2023లో టిప్పు శయనాగారపు ఖడ్గ మొకటి పదునాలుగు మిలియను పౌండ్లకు చేరెను. ఆ యేడే, పైన చెప్పిన 1793–94 నాటి వేటతుపాకి దేశము విడిచిపోకుండ బ్రిటిషు ప్రభుత్వము తాత్కాలికముగా ఆపెను. దాని విలువ ఇరువది లక్షల పౌండ్లని కట్టిరి. మైసూరునుండి తీసికొనిపోబడినది తమ దేశమునుండి తీసికొనిపోబడరాదని తలచుట విచిత్రమే.

ఇంత వెల పలుకు చోట మోసము పుట్టకుండునా? ఇచటనే టిప్పు జీవితము కొనువానికి దీపమగును. ఆనాడు ఆయుధాగారములో దొరకిన వేలకొలది తుపాకులు సామాన్య సిపాయిలవి. అన్నియు సుల్తాను చేతిలోనివి కావు. పులిచార కనబడినంత మాత్రమున అది అతని స్వంతమని నమ్మరాదు. పులి అతని కొలువంతటికిని గుఱుతు. పొదుగుడు పని యెంత సన్ననిది, పేరు ముద్ర యున్నదా, పనివాని పేరు, పనిచేసిన ఊరి పేరు, సంవత్సరము ఒకదానితో నొకటి పొసగుచున్నవా అని చూడవలెను. సంవత్సరపు అంకెలను కుడినుండి చదువవలెను. చదివి వచ్చిన యేడు 1799ని దాటిన, ఆ తుపాకి చెప్పునది అబద్ధము. సుల్తాను చచ్చిన పిమ్మట సుల్తాను కొఱకు తుపాకి చేసినవాడు లేడు.

రెండవది, అవయవముల పరీక్ష. పందొమ్మిదవ శతాబ్దిలో చెకుముకి పద్ధతి పోయి రాగి టోపీతో పేల్చు పద్ధతి రాగా, అనేకములైన పాత తుపాకుల తాళములను మార్చిరి. గొట్టము పాతది, తాళము క్రొత్తది, కొయ్య మఱియొక తుపాకిది యగుట కలదు. గొట్టము కొయ్యలో అమరిన సందులు, మేకుల రంధ్రములు, వెండి తొడుగుల అంచులు అతుకుల రహస్యము చెప్పును. క్రొత్త కొనుగోలుదారుడు చేయు మొదటి తప్పు దానిని తళతళ మెఱయునట్లు తోముట. రెండువందల ఏండ్లు కట్టిన మచ్చయే దాని వయస్సునకు సాక్షి. దానిని రుద్దినవాడు సగము విలువను గుడ్డకు తుడుచును. పొదిగిన బంగారము సన్నని రేకు. ఒకసారి ఊడిన మరల రాదు. ఇక ఇట్టి తుపాకిలో మందు కూరి పేల్చ సాహసించుట ప్రాణాపాయము. గొట్టములో త్రుప్పు ఎంత లోతున తిన్నదో పైకి తెలియదు.

మూడవది, చేతులు మారిన చరిత్ర. 1799లో ఎవరికి వంతు వచ్చెను, వారినుండి ఎవరికి, ఏ వేలములో, ఏ పట్టికలో అను వరుస కాగితముపై కనబడవలెను. కథ వినసొంపుగా నుండి కాగితము లేకున్న, కథకు వెల ఇచ్చి తుపాకిని ఊరక తీసికొన్నట్లే. ఇక నాలుగవది, చట్టము. మన దేశములో 1959 నాటి ఆయుధముల చట్టము ప్రకారము, బాగుచేసినను పేల్చుటకు పనికిరాని పురాతన ఆయుధములకు మాత్రమే మినహాయింపు కలదు. పేలగలది పాతదైనను తుపాకియే. దానికి లైసెన్సు కావలెను. నూరేండ్లు దాటిన పురావస్తువుల వ్యాపారమునకు 1972 నాటి చట్టము క్రింద లైసెన్సు అవసరము. వానిని పరదేశములకు పంపుటకు ప్రైవేటువారికి అధికారము లేదు.

మీట నొక్కి పట్టినంతసేపు గుండ్లు కురియు సబ్‌మెషిన్ గన్నుల ప్రీతి మఱియొక తెగ. అమెరికాలో 1986 మే 19కి పూర్వము నమోదైన యంత్రతుపాకులను, ప్రభుత్వానుమతితో, ప్రైవేటువారు కొనుచుండుట కలదు. క్రొత్తవి వారికి చేరుట ఆగిపోవుటచే పాత థాంప్సను తుపాకుల వెల ఆకాశమంటినది. మన దేశములో అట్టివి నిషిద్ధాయుధములు. సామాన్యుడు వాని కొనుగోలు తలంపు మానుకొనవలసినదే. కాని అచట కొనువానికైనను, ఇచట చెకుముకి తుపాకి కొనువానికైనను నేర్వవలసిన పాఠ మొక్కటియే. అంకెలు పొసగుచున్నవా, అవయవములు ఒక్క తుపాకివేనా, కాగితము సరియైనదా, చట్టము ఒప్పునా?

ఐదవ ప్రశ్న యొకటి మిగిలియున్నది. దానిని ఏ వేలము పట్టికయు అడుగదు. ఈ వస్తువు ఎవరిది? అది కొల్లసొమ్ము. కొల్లకు పూర్వము అది శిస్తు సొమ్ము. దానిని చేసిన పనివాని వంశము ఏమైనదో ఎవరును విచారింపలేదు. దానికి వెల కట్టిన రైతు పేరు ఏ గొట్టముమీదను లేదు. కొనువాడు దానికి వెల ఇచ్చును గాని, ఆ ఋణమును తీర్పజాలడు. తీర్పజాలకున్నను తెలిసికొనుట అతని విధి.

2018లో శివమొగ్గ జిల్లాలోని నగరములో ఒక పాడుబావినుండి వేయికి పైగా మైసూరు బాణముల ఇనుపగొట్టములు బయటపడినవి. వానిమీద బంగారము లేదు, పేరు లేదు. బురదకు ఇంకను మందువాసన యుండెను. వాని నెవరును వేలమునకు పెట్టలేదు. ప్రభుత్వ పురావస్తుశాఖవారు చేపట్టిరి. టిప్పు నిజమైన ఆస్తి అదియేమో. ఒక్క రాజు చేతిలోని ఒక్క తుపాకి కాదు, వందలమంది చేతుల పని.

గుఱ్ఱంకొండ మీదికి నేడు ఎవరైనను ఎక్కవచ్చును. దిగువన రంగీన్ మహలు, దాని ఆవల రజా అలీఖాను గోరీ, అటుపైన మదనపల్లె దారి కనబడును. మేనమామ నిద్రించు ఊరు ఇది. తండ్రి మరణించిన ఊరు ఆగ్నేయమున చిత్తూరు చెంత. శత్రువు ఎక్కివచ్చిన కనుమ ఆ నడుమ. కొండ మీద తుపాకులు లేవు. ఉన్నవి రాళ్ళు, చింతచెట్లు, దిగువన పొలములు. ఆ పొలములు నాడును దున్నబడినవి, నేడును దున్నబడుచున్నవి.